ఇంటి కొట్టములో విమానపు రెక్క

జొన్నచేను కోసిన తరువాత పల్లెలోని పిల్లలకు కొన్నాళ్ళు పండుగే. ఎండిన దంటును చీల్చి, పైనున్న గట్టి పెచ్చును ఈనెలుగా తీసి, లోపలి తెల్లని బెండును ముక్కలుగా కోసి, ఈనెలతో బెండు ముక్కలను గ్రుచ్చి బండ్లు, ఎడ్లు, మంచాలు చేయుదురు. ఆ బెండును వ్రేళ్ళ నడుమ నొక్కిన నలిగిపోవును. ఆ పెచ్చును విడిగా పట్టిన గాలికే వంగిపోవును. రెండును కలిసి దంటుగా ఉన్నప్పుడు మాత్రము తలమీద బరువైన కంకిని మోయుచు, నిలువెత్తున నిలిచి, ఈదురుగాలికి ఓర్చుకొనును.

ఈ పూట చెప్పబోవు కథకు మూలసూత్రము ఆ దంటులోనే ఉన్నది. ఏ కర్మాగారముతోను సంబంధము లేని మామూలు మనుష్యులు తమ ఇంటి కొట్టములో, తమ చేతులతో, విమానపు రెక్కలను, తోక భాగములను నిర్మించుకొన్న కథ ఇది. వారు వాడినవి రెండే వస్తువులు: లోపల నురుగువంటి తేలికైన దిమ్మ, బయట జిగురులో తడిపిన గాజునార బట్ట. మొదటిది బెండు, రెండవది పెచ్చు.

రెక్కకు ఈ అమరిక ఏల సరిపోయినదో ముందుగా తెలిసికొనవలెను. విమానము ఎగురునప్పుడు గాలి రెక్కను పైకెత్తును. నడుమనున్న బరువు దానిని క్రిందికి లాగును. అందుచేత రెక్క కొనలు పైకి వంగుటకు చూచును. అప్పుడు రెక్క అడుగు భాగము సాగదీయబడును. పై భాగము నొక్కబడును. శ్రమ అంతయు ఆ రెండు పైపొరలదే. నడుమ నున్న పదార్థమునకు ఉన్న పని ఆ రెండు పొరలను వాటి వాటి దూరములో నిలిపి ఉంచుట, ముడుతలు పడకుండ చూచుట. కనుక బలము బయట, తేలికదనము లోపల ఉండుట న్యాయము. ప్రకృతి ఈ సంగతిని జొన్నదంటులో ఏనాడో పాటించినది.

విమానము పుట్టినది చేతిపనివారి కొట్టములోనే. 1903 డిసెంబరు 17వ తేదీన కిటీహాక్ ఇసుకతిన్నెల మీద ఎగిరిన రైటు సోదరుల విమానము, డేటన్ నగరములోని వారి సైకిళ్ళ దుకాణములో స్ప్రూసు కొయ్యతో, మస్లిన్ బట్టతో తయారైనది. కాని ఆ విద్య కొట్టమును విడిచిపోవుటకు ఎంతో కాలము పట్టలేదు. 1915లో జర్మనీలో యుంకర్స్ పూర్తిగా లోహముతో చేసిన విమానమును ఎగురవేసినాడు. 1930 తరువాత అల్యూమినియపు రేకులది రాజ్యమైనది. రేకును వంచుటకు పెద్ద యంత్రములు, రివెట్లు కొట్టుటకు పనిముట్లు, కొలతలు చెడకుండ పట్టి ఉంచు ఉక్కు చట్రములు కావలసి వచ్చినవి. విమాన నిర్మాణము కర్మాగారము పాలైనది.

అయినను కొందరు ఆశ వదలలేదు. 1953లో అమెరికాలోని మిల్వాకీ నగరములో పాల్ పోబరెజ్నీ అను వైమానికుడు, స్వయముగా విమానములు కట్టుకొనువారి కొరకు ఒక సంఘమును స్థాపించినాడు. అక్కడి చట్టము కూడ వారికి అనుకూలమే. విమానములో అధికభాగమును తన విద్య కొరకో వినోదము కొరకో ఔత్సాహికుడే స్వయముగా నిర్మించినట్లు రుజువు చేసినచో, దానిని ప్రయోగ విమానముగా ఎగురవేసికొనుటకు అనుమతి లభించును. ఆ సంఘపు తొలి సభ్యులలో ఎక్కువమంది పాత పద్ధతినే కొయ్యతో, ఉక్కు గొట్టములతో, బట్టతో పనిచేసినారు. ఒక్క రెక్కకే పదుల కొలది సన్నని పక్కటెముకలు కోసి అతికించవలెను. సంవత్సరములు గడచిపోయెడివి.

ఇంతలో వేరొక చోట కొత్త పదార్థము రూపుదిద్దుకొనుచుండినది. గాజు పెళుసైనదని మనకందరకు తెలియును. కాని గాజును సన్నని పోగుగా లాగినకొలది దాని బలము పెరుగునని 1921లో గ్రిఫిత్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రకటించినాడు. లావు కడ్డీలో దాగియుండు పగుళ్ళు సన్నపోగులో ఉండుటకు తావు లేదు. ఆ పోగులను బట్టగా నేసి, గట్టిపడు జిగురులో తడిపినచో, పోగులు లాగుడును భరించును. జిగురు వాటిని కట్టి ఉంచును. మన పెద్దలు మట్టిగోడలో వరిగడ్డి కలిపి తొక్కించుటలోని నేర్పు ఇదియే. ఇట్టి జంట పదార్థమునకే నేడు కాంపోజిట్ అని పేరు.

ఇంగ్లండులోని డక్స్‌ఫర్డు వద్ద నార్మన్ డిబ్రూయిన్ 1930 తరువాతి దశాబ్దములో అవిసెనార పోగులతో ఇట్టి పదార్థమును చేసి విమాన భాగములకు పరీక్షించినాడు. 1940 నవంబరు 25న తొలిసారి ఎగిరిన మస్కిటో యుద్ధవిమానము మరియొక మెట్టు. దాని దేహములో లోపల బాల్సా అను బెండుకొయ్య, ఇరుప్రక్కల బర్చి పలకలు. బల్లలు, కుర్చీలు చేయు వడ్రంగులు దాని భాగములను తయారు చేసినారు. ఇది అచ్చముగా జొన్నదంటే. యుద్ధానంతరము, 1957 నవంబరు 27న, జర్మనీలోని స్టుట్‌గార్టు విద్యార్థి సంఘమునకు చెందిన హెర్మన్ నేగెలే, రిచర్డ్ ఎప్లర్ అనువారు రూపొందించిన ఫీనిక్స్ అను గ్లైడరు ఎగిరినది. బాల్సా మీద గాజునార పొరలు వేసిన ఆ గ్లైడరు, గాజునారతో నిర్మించిన గ్లైడర్లలో మొదటిది. దాని నున్నని రెక్క మీద గాలి జారిపోయిన తీరు చూచి గ్లైడరు నిర్మాతలందరు ఆ దారి పట్టినారు.

ఇంటి కొట్టములోని మనిషికి మాత్రము ఇందులో ఒక చిక్కు మిగిలినది. గాజునార రెక్కకు ముందుగా అచ్చు కావలెను. విగ్రహము పోతపోయువానికి మూస కావలసినట్లే, రెక్క ఆకృతిని కచ్చితముగా దించిన పెద్ద మూసను చేసి, దానిలో పొరలు పరచవలెను. ఆ మూసకగు శ్రమ రెక్కకగు శ్రమకన్న ఎక్కువ. నూరు విమానములు చేయువానికి ఆ ఖర్చు గిట్టును. ఒక్క విమానము కావలసినవాడు ఏమి చేయును? లియో విండెకర్ అను టెక్సస్ దంతవైద్యుడు ఏండ్ల తరబడి కృషిచేసి, 1969లో తన కాంపోజిట్ విమానమునకు అమెరికా ప్రభుత్వపు ధ్రువపత్రమును సంపాదించినాడు. అట్టి ధ్రువపత్రము పొందిన మొదటి కాంపోజిట్ విమానము అదియే. అయినను వ్రేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే తయారైనవి.

ఈ చిక్కును విడదీసినవాడు బర్ట్ రూటాన్. 1943లో ఓరెగన్ రాష్ట్రములో పుట్టి, ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరములో పరీక్షా ఇంజనీరుగా పనిచేసి, 1974లో కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో చిన్న సంస్థను పెట్టుకొన్నాడు. ఆయన తొలి విమానము కొయ్యతో చేసినది, 1972లో ఎగిరినది. తరువాత ఆయన దృష్టి గ్లైడర్లను బాగుచేయువారి పనిమీద పడినది. రెక్కకు చిల్లి పడినప్పుడు వారు మూసకొరకు చూడరు. చిల్లిలో నురుగు దిమ్మను పెట్టి, దానిని రెక్క వంపునకు చెక్కి, పైన గాజునార బట్ట పరచి జిగురు పూయుదురు. చిల్లిని అట్లు పూడ్చగలిగినప్పుడు రెక్కనంతటిని అట్లే ఏల చేయరాదు? రూటాన్ ఆలోచన ఇది. దిమ్మకే రెక్క ఆకృతి ఇచ్చి, పైన పొరలు వేసినచో, మూసను తీసివేయు పని లేదు. మూసయే రెక్కలో బెండుగా మిగిలిపోవును. మరమ్మతు పద్ధతి నిర్మాణ పద్ధతియైనది.

ఆ పని జరుగు తీరు చూడదగినది. మనము పెండ్లి పందిళ్ళలో అక్షరములు కోయుటకు వాడు థర్మోకోలుకు దగ్గరి చుట్టమైన, దానికన్న గట్టియైన నురుగు దిమ్మను తీసికొందురు. దాని రెండు కొనలకు రెక్క అడ్డుకోత ఆకారములో కోసిన పలకలను మేకులతో బిగించుదురు. మొదలు వైపు పలక పెద్దది, కొన వైపు పలక చిన్నది. ఆ పలకల అంచుల వెంబడి ఒకటి, రెండు, మూడు అని గుర్తులుండును. సన్నని లోహపు తీగను విద్యుత్తుతో వేడిచేసి, ఇద్దరు మనుష్యులు చెరియొక కొనను పట్టి, పలకల అంచున జరుపుదురు. ఉడికిన గుడ్డును దారముతో కోసినట్లు దిమ్మ తెగును. ఇరువురికి దారి పొడవు వేరు; కాని ఒక్కొక్క గుర్తును ఇరువురును ఒకేసారి చేరవలెను. అందుచేత ఒకడు పైకి అంకెలు చెప్పుచుండును, రెండవవాడు ఆ అంకెకు తన చేతిని కలుపును. గొంతు తొందరపడినచో తీగ తొందరపడును. తీగ తొందరపడినచో రెక్క వంకర పోవును. భార్యాభర్తలు, తండ్రీకొడుకులు, ఇరుగుపొరుగువారు ఇట్లు అంకెలు చెప్పుకొనుచు రెక్కలు కోసినారు. వాద్యమునకు తాళమువలె రెక్కకు మాట తోడైనది.

తరువాతది బట్ట పరచు పని. ఎపాక్సీ అను జిగురులో అతి సన్నని బోలు గాజుపూసల పొడిని కలిపి, దిమ్మ మీది గుంటలను పూడ్చుదురు. ఆ పైన గాజునార బట్టను పరచి జిగురుతో తడుపుదురు. ఇక్కడ పోగు నడక ముఖ్యము. రెక్క వంగకుండుటకు పోగులు మొదలు నుండి కొనదాక పొడవుగా సాగవలెను. మెలిపడకుండుటకు మరికొన్ని పోగులు ఏటవాలుగా, రెండు దిక్కుల దాటుచు ఉండవలెను. పోగు దారి తప్పినచో బట్ట ఉండియు బలము ఉండదు. పిమ్మట రబ్బరు పలకతో అధికమైన జిగురును ఒత్తి తీయవలెను. ఎక్కువైన జిగురు బరువే గాని బలము కాదు. తక్కువైనచో బట్ట తెల్లగా పొడిబారి కనబడును. జిగురు కలిపిన తరువాత గడియారము ఆగదు. అది గట్టిపడులోగా పని ముగించవలెను.

జాగ్రత్తలు కూడ కలవు. ఈ నురుగు దిమ్మ పెట్రోలు తగిలినచో కరగిపోవును గనుక, ఇంధనపు తొట్టికి వేరు జాతి నురుగు వాడవలెను. ఆ వేరు జాతిని వేడితీగతో కోసినచో విషవాయువు పుట్టును. దానిని కత్తితోనే చెక్కవలెను. ఎపాక్సీ కొందరి చర్మమునకు పడదు. ఒకసారి పడకపోయినచో మరల జీవితములో దాని దగ్గరకు పోవుటయే కష్టము. ఎండవేడికి జిగురు మెత్తబడకుండ, ముగిసిన విమానమునకు తెల్లరంగే వేయవలెనని నిర్మాణ పటముల ఆదేశము.

ఈ పద్ధతిలో రూటాన్ నాలుగు నెలలలో నిర్మించిన వేరీఈజీ అను చిన్న విమానము 1975 మే 21న ఎగిరినది. దానికి మనము చూచెడి తోక లేదు. తోక చేయు పనిని ముక్కు దగ్గరనున్న చిన్న రెక్క చేయును. నిలువు చుక్కానులు రెక్కల కొనలలో నిలబడియుండును. వేగము మరీ తగ్గినప్పుడు ముందురెక్క ముందుగా పట్టు వదలి ముక్కును దించును గనుక, వెనుకనున్న పెద్ద రెక్క పట్టు తప్పుట అరుదు. ఆ ఏడు ఓష్‌కోష్‌లో జరిగిన ఔత్సాహికుల మేళాలో బర్ట్ అన్నగారైన డిక్ రూటాన్ దానిని నడిపి, 500 కిలోల లోపు తరగతిలో 2,600 కిలోమీటర్లకు మించి తిరిగి రికార్డు నెలకొల్పినాడు. చూచినవారందరు పటములు కావలెనన్నారు. 1976లో పటముల విక్రయము మొదలైనది.

1980 నాటికి రెండువేలకు పైగా వేరీఈజీలు నిర్మాణములో ఉండగా, ఎగురుచున్నవి సుమారు 200 అని లెక్క. ఈ రెండు అంకెల నడుమనున్న ఎడము గమనింపదగినది. పద్ధతి సులభమైనది గాని పని చిన్నది కాలేదు. పొర వెంట పొర, ఆదివారము వెంట ఆదివారము, గరుకు కాగితముతో రుద్దుట వెంట రుద్దుట. విమానము కట్టుటకు కావలసిన అరుదైన ముడిసరకు ఓర్పు అని ఆ కొట్టములు చెప్పగలవు.

దానికన్న లోతైన ప్రశ్న మరియొకటి ఉన్నది. అల్యూమినియపు రెక్కలో రివెట్టు వదులైనచో కంటికి కనబడును. కాంపోజిట్ రెక్కలో రెండు పొరల నడుమ గాలి బుడగ చిక్కినచో, దాని మీద రంగు పడిన తరువాత, ఎవరు చూడగలరు? అందుచేత రంగు వేయకముందు దీపము దగ్గరపెట్టి పరీక్షించుదురు. తడిసిన గాజునార అద్దమువలె తేటగా ఉండి, బుడగ తెల్లని మచ్చయై బయటపడును. తరువాతి కాలములో నాణెముతో తట్టి విందురు. పొరలు అంటియున్న చోట చప్పుడు ఖణీలుమనును. విడిన చోట బొదబొదలాడును. మన ఇల్లాలు కుమ్మరి వద్ద కుండను వ్రేలితో తట్టి, చెవి ఒగ్గి కొనుటయు ఇట్టిదే. అయినను కుండ పగిలినచో నీరు పోవును. రెక్కతో పోవునది వేరు. దీపము, నాణెము కొంతవరకే చెప్పగలవు. బట్ట పరచిన రాత్రి అలసట చేత ఒక పొర తప్పించినాడా, జిగురును తూచి కలిపినాడా, ఊహతో కలిపినాడా అను సంగతి చేసినవాని మనస్సునకు మాత్రమే తెలియును.

1980 నుండి మరియొక మార్పు వచ్చినది. టామ్ హామిల్టన్ అను అమెరికను గ్లాసెయిర్ అను విమానమును భాగముల పెట్టెగా అమ్మసాగినాడు. మూసల ఖర్చును కర్మాగారము భరించి, రెక్కకు, తోకకు పైడిప్పను, క్రిందిడిప్పను విడివిడిగా పోతపోసి పంపును. కొన్నవాడు లోపల దూలమును, పక్కటెముకలను, తీగలను, గొట్టములను అమర్చి, డిప్పలను జిగురుతో మూయవలెను. కొన్నేండ్లకు లాన్స్ నైబౌర్ రూపొందించిన లాన్సెయిర్ ఆ బాటనే వచ్చినది. రెక్క మూయు దినము ఆ ఇంట ముఖ్యమైన దినము. మూసిన పిమ్మట లోపలిని మరల తేరిపార చూచుట సాధ్యము కాదు. అందుచేత మూయకముందే అనుభవజ్ఞుడైన తోటి నిర్మాతను పిలిచి చూపించుకొనుట మంచి అలవాటు. రెండవ కన్ను చూచిన రెక్కకు ధైర్యమెక్కువ.

ఈ విద్య ఎంతదూరము పోగలదో 1986లో లోకము చూచినది. డిక్ రూటాన్, జీనా యేగర్ అనువారు, స్వచ్ఛంద సేవకుల సాయముతో మొహావీలోని షెడ్డులో నిర్మించుకొన్న వాయేజర్ విమానములో, డిసెంబరు 14న బయలుదేరి, ఎక్కడను దిగక, ఇంధనము నింపుకొనక, 9 దినములలో భూగోళమును చుట్టి 23న తిరిగి వచ్చినారు. తేనెపట్టువంటి కాగితపు గదుల మీద కర్బన నార పొరలు వేసిన ఆ విమానపు కట్టడము బరువు సుమారు 426 కిలోలు. బయలుదేరునప్పుడు మొత్తము బరువు 4,000 కిలోలకు పైన. ఇంధనపు భారమునకు రెక్కల కొనలు నేలకు రాసికొని అరిగిపోయినవి. తరువాత కొనలలోని నిలువు రెక్కలు ఊడిపోయినవి. మిగిలిన రెక్క 40,000 కిలోమీటర్లు మోసినది.

కీడు కూడ చెప్పకుండుట న్యాయము కాదు. వేరీఈజీ తరువాత రూటాన్ రూపొందించిన లాంగ్ఈజీ విమానములో, 1997 అక్టోబరు 12న, ప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియా తీరమున సముద్రములో కూలి మరణించినాడు. ఆయన దానిని కట్టలేదు, అప్పుడే కొన్నాడు. ఇంధనపు తొట్లను మార్చు మీటను పటములో చూపిన చోట గాక, నడుపువాని ఎడమ భుజము వెనుక అమర్చియుండిరి. దానిని అందుకొనబోయి విమానముపై అదుపు కోల్పోయినాడని ప్రభుత్వ విచారణ తేల్చినది. రెక్కలో దోషము లేదు. ఏనాడో ఒక కొట్టములో తీసికొన్న చిన్న నిర్ణయము, దానిని తీసికొన్నవాడు గాక, వేరొకడు చెల్లించుకొనవలసి వచ్చినది. ఇంట చేసిన వస్తువు చేయివిడిచి పోయిన తరువాత కూడ చేసినవాని బాధ్యత దానితో పోవుచునే యుండును.

కొట్టములో పెరిగిన విద్య మరల కర్మాగారమునకు పాఠము చెప్పినది. విస్కాన్సిన్ రాష్ట్రములోని పొలపు కొట్టములో క్లాప్‌మైయర్ సోదరులు మొదలుపెట్టిన సంస్థ, ముందు ఔత్సాహికులకు భాగముల పెట్టెలు అమ్మి, 1998లో సిరస్ ఎస్‌ఆర్ 20 అను కాంపోజిట్ విమానమునకు ధ్రువపత్రము పొందినది. 2009లో ఎగిరిన బోయింగు 787 ప్రయాణిక విమానము కట్టడములో, బరువున సగము కాంపోజిట్లే. మన దేశమునకు కూడ ఈ కథతో చుట్టరికమున్నది. బెంగుళూరులోని జాతీయ వైమానిక పరిశోధనశాలవారు రూటాన్ లాంగ్ఈజీ నమూనాను ఆధారముగా తీసికొని చిన్న విమానమును నిర్మించి 1987లో ఎగురవేసినారు. ఆ చేతి అనుభవము తరువాత, కాంపోజిట్లతోనే కట్టిన హంస శిక్షణ విమానము 1993లో ఎగిరినది. దాని మెరుగైన రూపమునకు 2000లో ధ్రువపత్రము లభించినది. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన తేజస్ యుద్ధవిమానపు రెక్కలు కర్బన నారవి.

పెద్ద సంస్థలలో నేడు నారను యంత్రము పరచును, శబ్దతరంగములు లోపలి బుడగను వెదకును. కొట్టములో పనిచేయు ఔత్సాహికునికి ఇప్పటికిని ఉన్నవి రెండు చేతులు, ఒక దీపము, ఒక నాణెము. వాటితో సరిపడని చోట అతడు తనను తానే పరీక్షించుకొనవలెను. పొర పరచి, జిగురు ఒత్తి, చేతులు కడుగుకొని ఇంటిలోకి పోవునప్పుడు, ఈ రెక్క మీద నా బిడ్డను కూర్చుండబెట్టి ఎగురగలనా అని అడిగికొని, ఔననగలిగినవాడే మరునాడు తరువాతి పొర వేయుటకు అర్హుడు.